ప్రజాభిప్రాయం చెప్పిన సీతామహాలక్ష్మి

సీతామహాలక్ష్మి నటించిన సినిమాలు ఎన్నో ఆమెకే తెలియదు. ఆమె ముఖం కనిపించిన సినిమాలు ఎన్నో మాత్రం కృష్ణానగర్‌లో అందరికీ తెలుసు. ఒక్కటి కూడా లేదు. పెళ్ళి సీనులో అక్షింతలు వేసే చెయ్యి ఆమెది. శవం చుట్టూ కూర్చున్న ఆడవాళ్ళలో కొంగు నోట్లో కుక్కుకుని, కెమెరాకి వీపు చూపిస్తూ ఏడ్చే మనిషి ఆమె. పాలకొల్లు దగ్గర పల్లెలో ఉండే ఆమె అన్నగారు సినిమా హాల్లో కూర్చుని "అదుగో, మా చెల్లెలి కొప్పు!" అని కేక పెట్టి, వెనక వరసవాళ్ళ చేత ఎన్నోసార్లు తిట్లు తిన్నాడు.

షూటింగుల్లో ఆమెను ఎవరూ పేరు పెట్టి పిలవలేదు. పేరు పొడుగు, జీతం పొట్టి. "ఆ పసుపు చీర ఆవిడ కొంచెం పక్కకి జరగాలి" అంటే పక్కకి జరిగేది. అలా జరిగీ జరిగీ నడివయసుకు వచ్చింది. ఆమెకు ఉన్న కోరికల్లా ఒక డైలాగ్. ఒక సినిమాలో "అయ్యో" అనమన్నారు. ప్రాణం పెట్టి అంది. తీరా హాల్లో చూస్తే డబ్బింగులో ఆ "అయ్యో" కూడా ఇంకెవరి చేతో అనిపించారు.

ఆమెతో పాటు గదిలో దేవమ్మ ఉండేది. దేవమ్మది మెదక్ వైపు. ఆమె కూడా జూనియర్ ఆర్టిస్టే. తిరునాళ్ళ సీనుల్లో గాజులు కొనడం ఆమె ప్రత్యేకత. ఇద్దరూ కలిసి అద్దెకున్న గది ఎంత ఇరుకంటే, లోపల మంచం, స్టవ్వు, బీరువా పెట్టాక మిగిలిన చోటులో ఒకరు నిలబడితే రెండోవారు మంచం మీదకి ఎక్కాలి. బీరువా తలుపు తెరవాలంటే వీధి తలుపు పూర్తిగా తెరిచి, మనిషి సందులోకి దిగి, బయట నుంచి చెయ్యి చాపాలి. వానాకాలంలో చీర తీసుకోవాలంటే గొడుగు కావాలి. ఆ గొడుగు బీరువాలో ఉండేది.

ఆ గదికి కూడా గండం వచ్చింది. హైటెక్ సిటీ కట్టిన కొత్త. ఎక్కడెక్కడి కుర్రాళ్ళో మెడలో కార్డులు వేలాడేసుకుని గదుల కోసం సందులన్నీ గాలిస్తున్నారు. ఇంటి యజమాని పోచయ్య ఒకప్పుడు అదే స్థలంలో బర్రెలు కట్టేసుకునేవాడు. ఇప్పుడు బర్రెల కొట్టాలన్నీ గదులయ్యాయి. ఒక ఉదయం ఆయన వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. లోపలికి రావడానికి చోటు లేదు గనక ఎప్పుడూ గుమ్మం దగ్గరే నిలబడేవాడు.

"అమ్మా, నేనేం జెయ్యాలె చెప్పుండ్రి. కంపిటర్ పిలగాండ్లు ఒక్క రూముల నలుగురు నలుగురు ఉంటమంటుండ్రు. అడిగినంత కిరాయి ఇస్తమంటుండ్రు. మీరైతే నేను అడుగక ముందే లేదంటరు."

"నలుగురా? ఈ గదిలో నలుగురు ఎలా పడతారండీ?" అంది సీతామహాలక్ష్మి.

"ఇద్దరు పగలు పంటరంట, ఇద్దరు రాత్రి పంటరంట. అమెరికా టైమంట." ఆ టైము తనకూ పూర్తిగా అర్థం కానట్టు పోచయ్య తల గోక్కున్నాడు. "జర చూసుకోండ్రి. దసరా దాక ఉండుండ్రి."

ఆ వారంలోనే జూనియర్ ఆర్టిస్టుల ఏజెంట్ నర్సింహ బండి మీద వచ్చి, ఇంజను ఆపకుండానే అరిచాడు.

"లక్ష్మక్కా! దేవమ్మక్కా! ఎల్లుండి కాల్షీటుంది. సీన్మా గాదు. గవర్నమెంటు."

"ప్రభుత్వం వాళ్ళు సినిమా తీస్తున్నారా?"

"అరె, సీన్మా గాదంటున్న గదా. రాతిబావి జాగ లేదా? దాని మీద మునిసిపాలిటీ పైసలు పెడ్తదంట. ప్రజలేమనుకుంటుండ్రో ఇంటరంట. గందుకే ప్రజలు గావాలె."

"ప్రజలంటే ఎవరు?"

"మీరే! పబ్లిక్ వేషం. పొద్దుగాల ఒక పార్టీ, పగటీలి ఇంకో పార్టీ. రెండు బుకింగులు."

సీతామహాలక్ష్మి గొంతు తగ్గించి అడిగింది. "డైలాగ్ ఉందా?"

"ఒకటి గాదక్కా. రెండు!"

ఆమె సంతోషంతో లేచి నిలబడబోయి బీరువాకు తల కొట్టుకుంది.

సంగతేమిటంటే, జూబ్లీ హిల్స్ పెద్ద ఇళ్ళ వెనక గోడలకూ, రహమత్ నగర్ ఇరుకు సందులకూ మధ్య సర్కారు తుమ్మల గుట్ట ఒకటి ఉంది. దాని నడుమ పాతకాలపు రాతి మెట్ల బావి. బావిలో నీళ్ళు తక్కువ, ప్లాస్టిక్ సంచులు ఎక్కువ. పాత కట్టడాలను కాపాడడానికీ, పార్కులకూ, పేదల ఇళ్ళకూ కలిపి ఆ ఏడాది నిధి ఒకటి వచ్చింది. ఈ జాగాలో ఏం చెయ్యాలో జనాన్ని అడిగి తేల్చమని మునిసిపల్ డిప్యూటీ కమిషనర్ వెంకటేశ్వరరావుగారికి చెప్పారు. ఆయన కమ్యూనిటీ హాల్లో ఒకే రోజు మూడు విడతలు పెట్టారు. ఉదయం బావి కోరేవాళ్ళు, మధ్యాహ్నం పార్కు కోరేవాళ్ళు, సాయంత్రం ఇళ్ళు కోరేవాళ్ళు.

బావి తరఫున పోరాడుతున్నది వీరరాఘవయ్యగారు. పూర్వం ఒక జానపద సినిమా తీసి, చేతులు కాల్చుకుని, అప్పటి నుంచి రాళ్ళను ప్రేమిస్తున్నారు. ఆయన స్థాపించిన పురాతన కట్టడాల పరిరక్షణ సంఘంలో సభ్యులు ఇద్దరే, ఆయనా, ఆయన భార్యా. భార్య ఈ మధ్యనే రాజీనామా చేసింది. పార్కు తరఫున నిలబడింది భావనగారు. భర్తకు సాఫ్ట్‌వేర్ కంపెనీ. ఆమె వాకర్స్ క్లబ్బులో సభ్యులకు లోటు లేదు గానీ, ఎండాకాలం గనక అందరూ ఊటీలో వాకింగ్ చేస్తున్నారు. ఇద్దరికీ మనుషులు కావలసి వచ్చి, ఒకరికి తెలియకుండా ఒకరు నర్సింహనే పిలిచారు.

ఉదయం వేషం నేత చీర, పెద్ద బొట్టు, అద్దాలు లేని కళ్ళజోడు. సీతామహాలక్ష్మికి వచ్చిన డైలాగ్: "మా ముత్తాతగారు ఈ బావి నీళ్ళే తాగారండీ." రెండు రోజులుగా ఆమె దాన్ని అన్నం కుండకు చెప్పింది, కూరగాయల బండివాడికి చెప్పింది, పోచయ్యకు కూడా చెప్పింది. "మీది పాలకొల్లు గదమ్మా, నీళ్ళకు గింత దూరమొచ్చిండా?" అని ఆయన జాలిపడ్డాడు.

హాల్లో వెంకటేశ్వరరావుగారు భారీ మనిషి, కుర్చీ నిండా కూర్చుని ఉన్నారు. "తర్వాతి వారు" అన్నారు. సీతామహాలక్ష్మి లేచి నిలబడింది. నోరు తెరవలేదు.

"చెప్పండమ్మా."

ఆమె కదల్లేదు. వీరరాఘవయ్యగారికి చెమటలు పట్టాయి. దేవమ్మ మోచేత్తో పొడిచింది. అయినా లాభం లేకపోయింది. ఇన్నేళ్ళ అలవాటు మరి, ఆ ఒక్క మాటా వినపడకపోతే ఆమె ఒంట్లో ఏ కీలూ పనిచెయ్యదు. సంగతి గ్రహించిన నర్సింహ వెనక వరసలోంచి గట్టిగా అరిచాడు.

"యాక్షన్!"

డిప్యూటీ కమిషనర్‌గారి చేతిలో కాఫీ ఒలికింది. సీతామహాలక్ష్మి కళ్ళలోంచి బొటబొటా నీళ్ళు కారాయి. "మా ముత్తాతగారు... ఈ బావి నీళ్ళే... తాగారండీ!" అని ఆమె వెక్కి వెక్కి ఏడుస్తుంటే ఆ ముత్తాత ఆ ఉదయమే పోయాడేమో అనిపించింది. హాలంతా కళ్ళు తుడుచుకుంది.

అది చూసి దేవమ్మకు ఊపు వచ్చింది. ఆమెకు డైలాగ్ ఇవ్వలేదు. అయినా లేచింది. "మా ముత్తాత గూడ తాగిండు సారూ! తాగుతాంటెనే కాలు జారి అండ్ల వడి సచ్చిండు!"

వెంకటేశ్వరరావుగారు కంగారుపడ్డారు. "అంత ప్రమాదకరమైన బావా? అయితే పూడ్చెయ్యడమే మంచిదేమో!"

"వద్దు, వద్దు!" వీరరాఘవయ్యగారు కుర్చీలోంచి లేచిపోయారు. "ఆయన ఆయుర్దాయం తీరి పోయారు మహాప్రభో! ఇందులో బావి దోషమేమీ లేదు!"

మధ్యాహ్నానికి వేషం మారింది. నర్సింహ ఏదో డాన్స్ సినిమా గోదాములోంచి ట్రాక్ సూట్లు తెచ్చాడు. నిగనిగలాడే ఎర్ర గుడ్డ, వీపు మీద జిగేలుమనే పూసలతో కుట్టిన పులి. బూట్లు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. హాలు వెనక వరండాలో ఇద్దరూ మార్చుకుని, పొద్దున కట్టుకొచ్చిన సొంత చీరలు నర్సింహ సంచిలో పెట్టారు. భోజనం భావనగారిది. దోసకాయ ముక్కలూ, మొలకలూ వచ్చాయి.

"గిది తిని నడవాల్నా, నడిచినంక అన్నం వెడ్తరా?" అని దేవమ్మ అడిగింది.

"ఇదే లంచ్ అమ్మా. ఫుల్ ప్రోటీన్" అంది భావనగారు.

దేవమ్మ ఒక దోసకాయ ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి, దానిని అన్నం ముద్ద అని అనుకోవడానికి ప్రయత్నించింది.

ఆకలికో, బూటు నొక్కేస్తున్నందుకో, ఈసారి నర్సింహ "యాక్షన్" అనగానే సీతామహాలక్ష్మి నోట రెండు డైలాగులూ కలిసిపోయి వచ్చాయి. "వాకింగ్ ట్రాక్ లేక మా ముత్తాతగారి మోకాళ్ళు పట్టేశాయండీ! మాకు ఆక్సిజన్ కావాలండీ!"

వెంకటేశ్వరరావుగారు కళ్ళజోడు పైనుంచి ఆమెను చాలాసేపు చూశారు. ఇంకో కాఫీ తెప్పించుకున్నారు.

సాయంత్రం విడత మొదలయ్యే వేళకి నర్సింహ సంచీ భుజాన వేసుకుని బండి ఎక్కాడు. "ఇండ్ల సైడు ఎవ్వరు బుక్ చెయ్యలే అక్కా. ప్యాకప్!" అని, ఇంకో షూటింగుకు దూసుకుపోయాడు. అతను మలుపు తిరిగాక గానీ తమ చీరలు ఆ సంచిలోనే ఉన్నాయని వీళ్ళకు గుర్తుకు రాలేదు.

ఇద్దరూ హాలు మెట్ల మీద కూలబడ్డారు. లోపల అధికారి ఎదురుచూస్తున్నారు. ఇళ్ళు అడగవలసినవాళ్ళంతా ఆ వేళకు పనుల్లో ఉన్నారు. తుమ్మల గుట్ట మీద ఎండ వాలుతోంది.

"లక్ష్మక్కా" అంది దేవమ్మ, బూటు విప్పి వేళ్ళు ఒత్తుకుంటూ. "ఇండ్లు లేనోళ్ళ వేషం ఎవ్వలు వెయ్యాలె?"

"ఎవరు వెయ్యాలి?"

"మనమే గదనే. మనకు ఇల్లు లేదు గదా!"

సీతామహాలక్ష్మి ఆమె వైపు చూసింది. పొద్దుటి నుంచి ఆ ఆలోచనే రాలేదు. ప్రజల వేషం వేసే హడావుడిలో తామూ ప్రజలేనన్న సంగతి పూర్తిగా మరిచిపోయింది. ఇద్దరికీ నవ్వు ఆగలేదు. నవ్వుకుంటూనే లేచి, మూడో విడతకు లోపలికి నడిచారు.

హాల్లో బల్ల దగ్గర డిప్యూటీ కమిషనర్‌గారూ, బంట్రోతూ ఉన్నారు, ప్రజల కుర్చీలన్నీ ఖాళీ. ఇళ్ళ కోసం ఎవరూ రాకుండా ఉంటే బాగుండునని భావనగారూ, వీరరాఘవయ్యగారూ చెరో మూలా కాచుకుని కూర్చున్నారు. పులి ట్రాక్ సూట్లు గుమ్మంలో కనబడగానే వెంకటేశ్వరరావుగారు నుదురు పట్టుకున్నారు.

"మీరు మళ్ళీనా! పొద్దున బావి అన్నారు. మధ్యాహ్నం మోకాళ్ళన్నారు. ఇప్పుడేంటి?"

"ఇల్లు లేదండి" అంది సీతామహాలక్ష్మి.

"ఈ బట్టల్లోనా?"

"బట్టలు ఏజెంటు ఎత్తుకుపోయాడండి."

"ఏజెంటా?"

ఇక దాచడానికి లేకపోయింది. ఆమె ఉన్నదున్నట్టు చెప్పేసింది. తాము జూనియర్ ఆర్టిస్టులమనీ, పొద్దున ఆ పెద్దాయన తరఫున వచ్చామనీ, మధ్యాహ్నం ఈ అమ్మగారి తరఫున వచ్చామనీ, ఇప్పుడు ఎవరి తరఫునా కాదనీ. భావనగారు ఫోను చూసుకోవడం మొదలుపెట్టింది. వీరరాఘవయ్యగారు పైకప్పులోని ఫ్యాను నిర్మాణాన్ని పరిశీలించారు. సీతామహాలక్ష్మి ఏడవాలని ప్రయత్నించింది. శవాల దగ్గర ధారగా వచ్చే కన్నీళ్ళు సొంత బాధ దగ్గరికొచ్చేసరికి ఒక్క చుక్క రాలేదు. పైగా ఎక్కిళ్ళు మొదలయ్యాయి.

"దసరాకి హిక్... ఖాళీ చెయ్యమన్నారండి. నలుగురు హిక్... కుర్రాళ్ళు వస్తారట. గది చిన్నదండి."

"ఎంత చిన్నది?"

"బీరువా తియ్యాలంటే హిక్... వీధిలోకి రావాలండి."

"నేను నమ్మను." ఆయన విసురుగా లేచారు. "పొద్దుటి నుంచి ఏడుపు చూపించి నన్ను కరిగించారు. ఈసారి గది చూపించండి. అబద్ధమైతే మూడు విడతలూ రద్దు. పదండి, అందరూ పదండి!"

జీపు సందు మొదట్లోనే ఆగిపోయింది. భావనగారి కారు అంతకంటే ముందే ఆగింది. అందరూ నడుచుకుంటూ వచ్చారు. గది ముందుకు రాగానే, పరీక్షగా చూడాలనే పట్టుదలతో వెంకటేశ్వరరావుగారు లోపలికి దూరారు. ఆయన వెనక భావనగారు, ఆమె వెనక వీరరాఘవయ్యగారు. బీరువా ఎలా తెరుస్తారో చూపిద్దామని దేవమ్మ కూడా దూరింది. అప్పటికే ఎవరి మోచెయ్యో తగిలి బీరువా తలుపు తెరుచుకుంది. అది వెళ్ళి వీధి తలుపును మూసేసింది. ఇక ఏ తలుపూ ఎటూ కదల్లేదు.

"కొంచెం వెనక్కి జరగండి" అన్నారు అధికారి.

"వెనక్కంటే స్టవ్వే సార్" అంది భావనగారు సన్నగా.

"వెలిగించి ఉందా?"

"ఇంకా లేదు."

"అమ్మా, ఆ చెయ్యి నాదే" అన్నారు వీరరాఘవయ్యగారు. "దయచేసి మీది అనుకుని గోక్కోకండి."

సీతామహాలక్ష్మి ఒక్కతే బయట మిగిలింది. లోపలి నుంచి అరుపులు వింటూ ఏం చెయ్యాలో తోచక నిలబడి ఉండగా, గోల విని పోచయ్య వచ్చాడు. కిటికీలోంచి తొంగి చూశాడు. మంచం మీద ఒకరు, స్టవ్వు పక్కన ఒకరు, మధ్యలో బొజ్జతో ఒక సారు. ఆయనకు ఒళ్ళు మండిపోయింది.

"ఏందమ్మా గిది! ఇద్దరికి కిరాయికిస్తె గింతమందిని పెట్టుకున్నరా? నేను నలుగుర్ని పెడ్తనంటె తప్పయింది, మీరు పెడ్తె ఒప్పయిందా? ఓ సారూ, గింతమందికి నీళ్ళ మోటరు బిల్లు ఎవ్వలు గడ్తరు అనుకుంటున్నవ్? బయటికి రా!"

"నేను డిప్యూటీ కమిషనర్‌ని!" లోపలి నుంచి గొంతు వచ్చింది.

"ఎవ్వలైతే ఏంది! అందరు బయటికి రాండ్రి!"

రావడానికి వీలైతే వాళ్ళూ వచ్చేవారే. చివరికి పోచయ్యే గడ్డపార తెచ్చి తలుపు కీళ్ళు ఊడదీశాడు. ముందు దేవమ్మ, ఆమె వెనక భావనగారు జుట్టంతా మసితో వచ్చారు. డిప్యూటీ కమిషనర్‌గారిని ఇద్దరు పట్టి లాగారు. ఆయన బయటపడ్డ ఊపులో గుమ్మం పక్కనున్న బట్టలుతికే బండ మీద కాలు వేసి, సబ్బు నురగకు సర్రున జారి, మెత్తగా దాని మీదే కూర్చుండిపోయారు.

చివరగా బయటికి వచ్చిన వీరరాఘవయ్యగారు ఆయనను లేపబోయి, అధికారిని వదిలేసి బండను పట్టుకున్నారు.

"పద్మం! అయ్యా, మీరు పద్మం మీద కూర్చున్నారు!"

నిజమే. నురగ తుడిస్తే బండ మీద చక్కటి తామరపువ్వు చెక్కి ఉంది. రాతిబావి అరుగులో ఒక రాయి లేదని ఆయన చాలాకాలంగా ఊరంతా గాలిస్తున్నారు. అది ఇక్కడ సబ్బు నురగలో ఉంది. ఆయన నేల మీద కూర్చుని దాన్ని కౌగలించుకున్నారు. చొక్కా తడిసిపోయింది.

"గా బండనా? మా నాయిన బర్రెను కట్టేసెతందుకు తెచ్చిండు" అన్నాడు పోచయ్య. "గావాల్నంటె తీస్కపో సారూ. నాకో సిమెంటు బండ వేయించు. గీ పువ్వు మీద బట్టలు సాఫ్ అయితలెవ్వు."

వెంకటేశ్వరరావుగారు తడి ప్యాంటుతో లేచి నిలబడ్డారు. ఆ గది వైపు చూశారు. భావనగారి వైపు చూశారు. ఆమె జుట్టులోంచి మసి దులుపుకుంటూ, తల దించుకుని, "సార్, పార్కు కొంచెం చిన్నదైనా పర్వాలేదు. ఆ ఇళ్ళకి మినిమం రెండు గదులు ఉండాలి, ప్లీజ్" అంది.

అలా తేలింది. బావి బాగుచెయ్యాలి, దాని చుట్టూ పార్కు వెయ్యాలి, అవతలి చదును నేల మీద అద్దె భారం మోయలేనివాళ్ళకు చిన్న ఇళ్ళు కట్టాలి. ప్రజాభిప్రాయం ఏకగ్రీవంగా ఉందని ఆయన పైకి రాసి పంపారు. మూడింటికీ ఒకే మనుషులు మాట్లాడారు గనక అందులో అబద్ధమేమీ లేదు.

పని మాత్రం సర్కారు పనిలాగే నడిచింది. దసరా వచ్చింది. పోచయ్య తను కొత్తగా బిగించిన తలుపు వైపు చూసి, ఆ ఖర్చు తలుచుకుని నిట్టూర్చి, "ఉండుండ్రమ్మా, అమెరికా టైమోళ్ళకు వేరే జాగ చూసిన" అన్నాడు. మరుసటి ఏడాది కాంట్రాక్టరు అందంగా ఉంటుందని బావి మెట్లకు గులాబీరంగు బాత్రూం టైల్సు వేయించాడు. వీరరాఘవయ్యగారు మెట్టు మీద వెల్లకిలా పడుకుని, ఆ టైల్సు పీకేదాకా లేవనన్నారు. ఆయన భార్య క్యారియర్‌లో అన్నం తెచ్చి పక్కన పెట్టి, సంఘంలో మళ్ళీ చేరుతున్నట్టు ప్రకటించింది. చివరికి టైల్సు పీకారు. పారెయ్యడం ఎందుకని ఇళ్ళలో స్నానాల గదులకు అంటించారు. అందుకే ఆ కాలనీలో ప్రతి స్నానాల గదీ గులాబీరంగే.

ఆ ఇళ్ళు ఎవరికివ్వాలో లాటరీ తీసిన రోజు దేవమ్మ పేరు మొదట వచ్చింది. సీతామహాలక్ష్మి పేరు రాలేదు. ఆమె దేవమ్మను కౌగలించుకుని నవ్వింది గానీ, ఇంటికొచ్చి మంచం మీద పడుకుని గోడవైపు తిరిగింది. ఆ సాయంత్రం అన్నం వండలేదు. "నువ్వు రాకుంటె నేను గూడ పోను" అని దేవమ్మ మొండికేసింది. రెండో విడత లాటరీలో సీతామహాలక్ష్మి పేరూ వచ్చింది, ఇల్లు దేవమ్మ ఇంటి పై అంతస్తులోనే. ఆ వార్త తెచ్చినవాడు నర్సింహ. వాళ్ళ చీరలు కూడా అప్పుడే తిరిగి ఇచ్చాడు. మధ్యలో అవి ఒక సినిమాలో నటించి వచ్చాయట.

కొత్త ఇంట్లో మొదటి ఎండాకాలం సీతామహాలక్ష్మి గుమ్మడికాయ వడియాలు పెట్టింది. మేడ మీద కోతుల బెడద. అందుకని తెల్లవారగానే పాత చీర పట్టుకుని కిందికి దిగి, పార్కులో వాకింగ్ ట్రాక్ మీద పరిచేసింది. నున్నటి నేల, మంచి ఎండ. పక్కనే స్టూలు వేసుకుని కాకులను తోలుతూ కూర్చుంది. కాసేపటికి వాకర్స్ క్లబ్బు గుంపుగా వచ్చి, చీర అంచు దగ్గర బ్రేకు వేసినట్టు ఆగింది. ముందు భావనగారు.

"సీతామహాలక్ష్మిగారూ, ఇది ట్రాక్ అండీ. వాకింగ్ కోసం."

"తెలుసండీ. ఆ చెట్ల పక్కనుంచి చుట్టి వెళ్ళండి, నాలుగు అడుగులు ఎక్కువ పడతాయి, మోకాళ్ళకి మంచిది" అంది ఆమె, కాకి మీదికి కర్ర ఝళిపిస్తూ.

భావనగారు ఏదో అనబోయింది. ఇంగువ వాసన ముక్కుకు తగిలింది. ఆమె వంగి, ఒక వడియాన్ని వేలితో తాకి చూసింది.

"ఎప్పటికి ఎండుతాయండీ?"

"ఎల్లుండికి. కాకులు తినకపోతే."

భావనగారు వెనక్కి తిరిగి గుంపును చెట్ల పక్కకి మళ్ళించింది. తను మాత్రం వెళ్ళలేదు. ఒక ఎండు కొమ్మ ఏరుకుని, చీరకు రెండో కొసన నిలబడి, కాకులను తోలడం మొదలుపెట్టింది.